చీకట్లో వేడిని చూపే ఫోను కెమెరా: సంఘం కొనవచ్చునా?

ఈ మధ్య తనిఖీకి వెళ్లిన చోటల్లా పాలకవర్గ సభ్యులు ఒక ప్రశ్న వేస్తున్నారు. సెల్‌ఫోను అడుగున తగిలించుకొనే చిన్న కెమెరా ఒకటి వచ్చిందట, కటిక చీకట్లో కూడా గొడ్డూ మనిషీ తెల్లగా మెరుస్తూ అగుపిస్తారట, సంఘం సొమ్ముతో ఒకటి కొనుక్కోవచ్చునా అని. ఫోనులో వచ్చిన వీడియోలు చూసి ఉత్సాహపడిన యువ సభ్యులు ఒక పక్క, ఇదంతా ఆటబొమ్మ వ్యవహారం అని కొట్టిపారేసే పెద్దలు ఒక పక్క. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది. కొనాలో వద్దో తేల్చుకోవాలంటే ఈ పరికరం ఏమి చూడగలదు, ఎంత దూరం చూడగలదు అన్నది లెక్క వేసుకోవాలి. ఆ లెక్క వెన్న శాతం లెక్క కన్న కష్టమైనది కాదు.

అవసరం ఉన్నమాట వాస్తవమే. పాడి రైతు పని సగం చీకట్లోనే జరుగుతుంది. కోడికూతకు లేచి పాలు పితికి, తెల్లవారకముందే క్యాన్లతో కేంద్రానికి నడిచే అక్కచెల్లెళ్లు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. కొట్టాలు చాలావరకు ఊరి బయట, పొలం గట్ల మీద ఉంటాయి. ఊరకుక్కలు గుంపుగా వచ్చి లేగదూడను చంపిపోయిన ఉదంతాలు మనకు కొత్త కాదు. అడవి అంచు గ్రామాల సంగతి మరీ కష్టం. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి జనం మీద పడి ప్రాణం తీసింది, పలువురిని గాయపరిచింది. ఉద్దానం జీడితోటల మధ్య నివసించే వారికి తెల్లవారుజామున గడప దాటడమంటే ఎటువంటిదో వేరే చెప్పనవసరం లేదు. కాబట్టి ముందు ఏముందో చీకట్లో తెలుసుకోవాలన్న కోరిక న్యాయమైనదే. ఈ పరికరం ఆ కోరికను ఎంతవరకు తీరుస్తుందన్నదే ఈ పాఠం.

ఇది చూసేది వెలుతురును కాదు

మామూలు కెమెరాకు వెలుతురు కావాలి. రాత్రి చూస్తుందని చెప్పే సి.సి. కెమెరా కూడా మన కంటికి ఆనని ఒక కాంతిని తానే విసిరి, అది వస్తువుకు తగిలి తిరిగి వస్తే చూస్తుంది. వేడి కెమెరా పద్ధతి వేరు. ఇది దేనినీ విసరదు. లోకంలో ప్రతి వస్తువూ తన వేడిని బట్టి ఎప్పుడూ కొన్ని కిరణాలను వెలువరిస్తూనే ఉంటుంది. పొయ్యి దగ్గర కూర్చుంటే మంట తగలకుండానే ముఖం వేడెక్కుతుంది గదా, ఆ జాతి కిరణాలే. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యకాంతిని గాజు పట్టకంతో రంగులుగా విడగొట్టి, ఒక్కొక్క రంగులో ధర్మామీటరు పెట్టి చూస్తూ, ఎరుపు దాటిన తరువాత ఏ రంగూ లేని చోట కూడా ధర్మామీటరు పైకి లేవడం గమనించాడు. కంటికి కనబడని ఈ కిరణాల సంగతి లోకానికి అట్లా తెలిసింది.

మన కెమెరా పట్టుకొనేవి వీటిలో 8 నుండి 14 మైక్రాన్ల పొడవు గల అలలు. పశువు ఒంటి నుండి, మనిషి ఒంటి నుండి ఎక్కువగా వచ్చేవి ఇవే. కెమెరా లోపల గోటికన్న చిన్న పలక మీద వేల కొద్దీ చుక్కలు వరుసలుగా ఉంటాయి. కిరణం పడిన చుక్క వేడెక్కి, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును కొలిచి, వేడి ఎక్కువైన చోట తెలుపు, తక్కువైన చోట నలుపు వేసి ఫోను తెర మీద బొమ్మ గీస్తుంది. ఒకప్పుడు సైన్యాలకే పరిమితమైన ఈ విద్య 2014 నుండి ఫోనుకు తగిలించే రూపంలో బజారులోకి వచ్చింది. ఇప్పుడు చవక రకాలు కూడా ఇరవై వేలకు అటూ ఇటూ, కాస్త మంచివి ముప్పై నలభై వేల దాకా పలుకుతున్నాయి. ఒక మోస్తరు పడ్డ దూడ ఖరీదు అన్నమాట.

ఈ కిరణాలు గాజులోంచి పోవు. జీపులో కూర్చొని అద్దం ఎత్తి చూస్తే బయటి పంది కనిపించదు, అద్దంలో మీ నీడే కనిపిస్తుంది. గోడలోంచీ పోవు. దట్టమైన ఆకులోంచీ పోవు. చొప్ప చేలో, చెరకు తోటలో నాలుగు వరుసల లోపల పడుకొన్న జంతువు ఈ కెమెరాకు లేనట్టే. గోడ అవతల ఏముందో కూడా చూపుతుందని ఎవరైనా చెబితే, ఆ అమ్మకందారును అక్కడికక్కడే సాగనంపవచ్చు.

చుక్కల లెక్క

అసలు విషయం ఇక్కడున్నది, నిదానంగా చదవండి. ఫోను కెమెరా కొనేటప్పుడు అడగవలసినవి రెండే అంకెలు. అడ్డంగా ఎన్ని చుక్కలు? చూపు కోణం ఎన్ని డిగ్రీలు?

ఇప్పుడు ఎక్కువగా అమ్ముడవుతున్న ఒక తరగతి కెమెరాలో అడ్డంగా 256, నిలువున 192 చుక్కలు, చూపు కోణం సుమారు 56 డిగ్రీలు. ఈ కోణంతో 50 మీటర్ల దూరంలో దాదాపు 53 మీటర్ల వెడల్పు తెర మీద పడుతుంది. 53 మీటర్లను 256 చుక్కలకు పంచితే ఒక్కొక్క చుక్క వాటాకు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు మేర. 100 మీటర్లకు పోతే చుక్కకు 40 సెంటీమీటర్లు. 25 మీటర్లలో 10 సెంటీమీటర్లు. ఒక చుక్క వాటాకు వచ్చిన మేరలో ఎన్ని వివరాలున్నా అన్నీ కలిసిపోయి ఒకే రంగు అవుతాయి.

ఒక ఆకారం ఎన్ని చుక్కల్లో పడితే మనిషి కన్ను దానిని పోల్చుకోగలదు? 1958లో అమెరికా సైన్యపు పరిశోధనాలయంలో జాన్ జాన్సన్ అనే ఆయన దీనిని పరీక్షించి కొన్ని కొలతలు ఇచ్చాడు. నేటికీ ఈ రంగంలో అవే వాడుక. చుక్కల్లోకి మార్చి మోటుగా చెప్పుకుంటే, వస్తువు చిన్న కొలత మీద 2 చుక్కలు పడితే అక్కడ ‘ఏదో ఉంది’ అని తెలుస్తుంది. 8 చుక్కలు పడితే మనిషా, గొడ్డా, కుక్కా అని తెలుస్తుంది.

ఈ రెంటినీ కలిపి మన వాటికి లెక్క కట్టి చూడండి. గేదె ఎత్తు 130 సెంటీమీటర్లు అనుకుంటే, ఏదో ఉందని 150 మీటర్ల దాకా తెలుస్తుంది. అది గేదెలాంటి పెద్ద పశువని తేలాలంటే 40 మీటర్ల లోపలికి రావాలి. నిలబడిన మనిషి అడ్డం అర మీటరు. ఏదో ఉందని 60 మీటర్లకు తెలుస్తుంది, మనిషేనని తెర మీది ఆకారాన్ని బట్టి ఖాయంగా చెప్పాలంటే 15 మీటర్లు. నడక తీరును బట్టి ఇంకొంత ముందే పోల్చుకోవచ్చు, అది వేరే మాట. చిరుతపులి భుజం ఎత్తు 60 సెంటీమీటర్లు వేసుకోండి. ఏదో ఉందని 70 మీటర్లకు తెలుస్తుంది. అది చిరుతా, పెద్ద ఊరకుక్కా అని తేలడానికి 18 మీటర్లు.

పద్దెనిమిది మీటర్లంటే పాల కేంద్రం ముందర నిలబడి రోడ్డు అవతలి వేపచెట్టును చూసినంత దూరం. చిరుతకు రెండు మూడు దూకులు. ఆ దూరంలో ఉండి ఫోను తెర చూస్తూ పోల్చుకోవలసిన అవసరం ఏ పాడి రైతుకూ రాకూడదు. కనుక అడవి మృగాల విషయంలో ఈ కెమెరాను ఒక్కదానికే వాడుకోవాలి: దూరాన తెల్లటి మచ్చ కదిలితే, అది ఏదైనా సరే, ముందుకు పోకుండా వెనక్కి తిరగడానికి. అదేమిటో చూద్దామని దగ్గరికి పోయే వారికి ఈ పరికరం మేలు కన్న కీడే ఎక్కువ చేస్తుంది.

ఇంకా చవకలో 80 చుక్కల రకాలు ఉన్నాయి. అదే కోణానికి 50 మీటర్లలో చుక్కకు 66 సెంటీమీటర్లు పడుతుంది. మనిషి ఒక చుక్కలో కూడా నిండడు. ఇంట్లో కరెంటు బోర్డు వేడెక్కిందా చూసుకోవడానికి అవి పనికివస్తాయి గాని పొలంలో పనికిరావు. అదేవిధంగా చుక్కలు తక్కువైనా చూపు కోణం 20 డిగ్రీలే ఉన్న సన్నచూపు కెమెరాలు కొన్ని ఉన్నాయి. 206 చుక్కలు, 20 డిగ్రీల రకంలో 50 మీటర్ల దగ్గర చుక్కకు 9 సెంటీమీటర్లు మించదు. అంటే పైన చెప్పిన దూరాలన్నీ రెట్టింపు అవుతాయి. ఆరుబయట చూపుకు ఇదే మేలు. దగ్గరలో మాత్రం గొట్టంలోంచి చూసినట్టు ఇరుకుగా ఉంటుంది.

అమ్మకందారులు తెర మీద 512 చుక్కలు అనో, నాలుగింతలు దగ్గరికి లాగుతుంది అనో ప్రకటిస్తారు. అసలు పలక మీద లేని చుక్కలను లెక్క కట్టి మధ్యలో నింపడమే అది. పాలలో నీళ్లు కలిపితే కొలత పెరుగుతుంది, వెన్న పెరగదు, ఇదీ అంతే. కొన్నింటిలో మామూలు కెమెరా గీతలను వేడి బొమ్మ మీద కలిపి చక్కగా చూపే ఏర్పాటు ఉన్నది. దుకాణంలో ట్యూబు లైటు కింద చూసినప్పుడు అది ఎంతో స్పష్టంగా ఉంటుంది. అమావాస్య రాత్రి మామూలు కెమెరాకు ఏమీ కనబడదు గనుక ఆ గీతలూ ఉండవు. పగలు దుకాణంలో చూసి డబ్బు కట్టవద్దని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఏ వేళ కనిపిస్తుంది, ఏ వేళ కనిపించదు

ఈ కెమెరా వేడిని చూపదు, వేడిలోని తేడాను చూపుతుంది. పశువు ఒళ్లూ దాని వెనకనున్న నేలా ఒకే వేడిలో ఉంటే రెండూ ఒకే రంగు. మన ఎండలకు ఇది పెద్ద చిక్కు. మే నెల మిట్టమధ్యాహ్నం ఎర్రనేల, బండరాయి పశువు చర్మం కన్న ఎక్కువ కాగుతాయి. అప్పుడు గొడ్డు నల్లగా, నేల తెల్లగా కనిపిస్తుంది. పొద్దుగుంకిన తరువాత నేల చల్లబడుతూ పశువు వేడికి సమానమయ్యే సమయం ఒకటి వస్తుంది, అప్పుడు గొడ్డు తెర మీద మాయమైపోతుంది. ఉదయం మళ్లీ అటువంటి సమయమే ఇంకొకటి. రాయలసీమ గుండ్లు, రాతి గోడలు, తారు రోడ్లు రాత్రి చాలాసేపటి దాకా సెగ విడుస్తూ ఉంటాయి. తెర మీద ప్రతి గుండూ ఒక ఎలుగుబంటే. మంచి వేళ అర్ధరాత్రి దాటినప్పటి నుండి తెల్లవారే దాకా. మంచి కాలం చలికాలం, అదీ పొగమంచు లేని రోజుల్లో. వాన, దట్టమైన మంచు చూపును బాగా తగ్గిస్తాయి.

మన గేదెలతో ఇంకొక తమాషా. చెరువులోంచి అప్పుడే లేచి వచ్చిన గేదె ఒంటి మీది నీరు ఆరుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది. ఒళ్లంతా మసకగా, కళ్లు, పొదుగు మాత్రం తెల్లగా కనిపిస్తాయి. బురద పూసుకొన్నదైతే సరేసరి. రేకు కప్పు, మెరిసే స్టీలు క్యాను అద్దాల మాదిరి పని చేస్తాయి. వాటి సొంత వేడిని గాక ఆకాశపు చల్లదనాన్నో, నిలబడిన మనిషి వేడినో చూపి తికమక పెడతాయి.

అన్నిటికన్న ముఖ్యమైనది పాము. పాముకు సొంత ఒంటివేడి ఉండదు, ఉన్న నేల వేడే దాని వేడి. కట్లపాము, రక్తపింజరి గట్టు మీద పడుకొని ఉంటే వేడి కెమెరాలో గట్టే కనిపిస్తుంది, పాము కనిపించదు. రాత్రి నడిచే పాడి రైతుకు చిరుత కన్న ఎక్కువ ముప్పు పాముతోనే. కాబట్టి ఈ కెమెరా చేతికి వచ్చిందని టార్చి లైటూ, చేతికర్రా, కాలికి చెప్పులూ మానుకొంటే ప్రాణానికే ముప్పు. పైగా వెలుగుతున్న తెరను చూసిన కన్ను చీకటికి మళ్లీ అలవాటు పడటానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. తెర వెలుతురు బాగా తగ్గించుకోవాలి. నడుస్తూ చూడరాదు, నిలబడి నలుదిక్కులా ఒకసారి చూసి, ఫోను దించి, టార్చి వేసి నడవాలి. కట్టడం లేని నేలబావులున్న ఊళ్లలో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

మరి ఎందుకు పనికివస్తుంది?

పనికివచ్చే చోట బాగానే పనికివస్తుంది. మందలోంచి తప్పిపోయిన దూడను కోతలైన చేలల్లో, బీడులో వెతకడానికి టార్చి కన్న ఇది ఎన్నో రెట్లు మేలు. టార్చి వెలుగు పడిన చోటే చూపుతుంది, ఇది ఎదుటి మేరనంతా ఒకేసారి చూపుతుంది. కొట్టం చుట్టూ కుక్కలు కాపు వేశాయా అని లోపలి నుండే చూసుకోవచ్చు. పాలు పోయడానికి బయలుదేరే ముందు దారి మొదట్లో నిలబడి ఒకసారి చూసి, గుంపుగా కదలవచ్చు. ఈనడానికి దూరంగా పోయి పొదల చాటున పడుకొన్న ఆవును వెతికి పట్టుకోవచ్చు, పొద దట్టంగా లేకపోతే.

2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహరాయిచ్ జిల్లాలో తోడేళ్లు పల్లెల మీద పడి పిల్లలను ఎత్తుకుపోయినప్పుడు అక్కడి అటవీ శాఖ వేడి కెమెరాలు గల డ్రోన్లతో చెరకు తోటల పైనుండి వెతికించింది. ఇది చెప్పి కొందరు మనమూ అట్లా చేయవచ్చు గదా అంటున్నారు. అక్కడ చూసింది ఆకాశం నుండి. ఆకుల సందుల్లోంచి పైనుండి కనిపించేది గట్టు మీద నిలబడిన మనకు కనిపించదు. పైగా పట్టుకోవడానికి వలలూ బోనులూ మత్తుసూదులూ ఉన్న సిబ్బంది వెంట ఉన్నారు. మన పని మచ్చ కనిపించిన చోటు, వేళ గుర్తుపెట్టుకొని అటవీ శాఖ వారికి తెలపడం. వెంటబడి తరమడం కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట కిందికే వస్తుంది. అడవి పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఇంకా పోలేదు. ఆ తీగకు మన గేదె, మన మనిషి కూడా చస్తారు. తీగలో పారే కరెంటు ఈ కెమెరాకు కనబడదు.

కేంద్రం కాపలా మాటకు వస్తే నా అభిప్రాయం వేరు. పాల శీతలీకరణ యూనిట్, జనరేటరు, డీజిలు పీపాలు ఉన్న ఆవరణకు గోడకు బిగించిన సి.సి. కెమెరాయే సరైనది. అది రాత్రంతా మెలకువగా ఉంటుంది, బొమ్మను భద్రపరుస్తుంది, ముఖాన్ని చూపుతుంది. ఫోను కెమెరా ఎవరైనా పట్టుకొని నిలబడితేనే చూస్తుంది. అందులో ముఖం ఉండదు, మనిషి ఆకారంలో ఒక తెల్లటి మచ్చ ఉంటుంది.

ఈ మచ్చ గురించి ఒక మాట. మా పరిధిలోని ఒక సంఘంలో ఇద్దరు యువకులు ఇటువంటి కెమెరాతో రాత్రి కాపలా తిరుగుతూ, గడ్డివామి పక్కన వంగి ఉన్న మనిషిని చూసి దొంగ అని కేకలు వేశారు. కర్రలతో జనం పోగయ్యారు. తీరా అతను సంఘం సభ్యుడే, తన చూడి గేదెకు నొప్పులు వచ్చాయని గడ్డి కోసం వచ్చాడు. అధ్యక్షులు సమయానికి అడ్డుపడ్డారు గనుక సరిపోయింది. తెర మీద చూసిన దానిని బట్టి ఎవరి మీదా చేయి వేయరాదు. అదేవిధంగా ఇండ్ల వైపు, రాత్రివేళ ఆడవారు బహిర్భూమికి పోయే చెరువు కట్ట వైపు ఈ కెమెరాను తిప్పరాదు. పరికరం ఎవరి చేతికి ఇస్తున్నామో పాలకవర్గం ఆలోచించి ఇవ్వాలి.

జ్వరం చూడవచ్చునా, పొదుగువాపు తెలుస్తుందా అని కూడా అడుగుతున్నారు. ఈ తరగతి కెమెరాలు ఉష్ణోగ్రతను 2 డిగ్రీల అటూ ఇటూగా చెబుతాయి, అదీ చర్మం పైది. ఆవుకు ఉండవలసింది 38.5 డిగ్రీలు, 40 అయితే జ్వరం. మధ్యలో ఉన్న తేడాయే ఒకటిన్నర. ధర్మామీటరును పక్కన పెట్టకండి.

కొనదలచిన సంఘాలకు

ముందుగా ఎవరి ఫోనుకు తగిలిస్తారో తేల్చుకోండి. కింది సూది పోటు టైప్-సి రకమా, ఆ ఫోను బయటి పరికరానికి కరెంటు ఇస్తుందా అన్నది చూడాలి. కొన్ని ఫోన్లలో ఓ.టి.జి. అనే మీటను ప్రతిసారీ తెరవవలసి ఉంటుంది. పరికరం ఫోను కింద వేలాడుతూ ఉంటుంది గనుక ఎక్కడైనా తగిలితే పోటే విరుగుతుంది. మూరెడు వైరు ముక్క ఒకటి మధ్యలో వాడితే రెండూ బతుకుతాయి. కటకాన్ని సూర్యుడి వైపు తిప్పరాదు, లోపలి పలక చెడుతుంది. మధ్య మధ్య టిక్కుమని చప్పుడై బొమ్మ క్షణం ఆగుతుంది. అది జబ్బు కాదు, పరికరం తన్ను తాను సరిచూసుకోవడం. సెకనుకు 9 బొమ్మలు చూపేవీ, 25 చూపేవీ ఉన్నాయి. పరుగెత్తే జంతువును చూడాలంటే 25 మేలు, వెతుకులాటకు 9 అయినా చాలు.

రెండవది, అదే సొమ్ముకు వేరే ఏమి వస్తుందో పాలకవర్గం ముందు పెట్టండి. కేంద్రానికి వచ్చే దారిలో చీకటి మలుపుల దగ్గర సోలారు దీపాలు, తెల్లవారుజామున వచ్చే సభ్యులకు తలా ఒక మంచి టార్చి, లేదా రెండు సి.సి. కెమెరాలు. నా తనిఖీ పరిధిలో చాలా సంఘాలకు ముందు కావలసింది ఇవే. అడవి అంచున ఉండి, రాత్రిళ్లు పశువులను బయలుకట్టుకొనే సంఘాలకు మాత్రం ఒక కెమెరా తగిన ఖర్చే. నాలుగైదు పక్క సంఘాలు కలిసి ఒకటి కొనుక్కొన్నా సరిపోతుంది.

కొనేముందు పరీక్ష రాత్రి పూట, మీ ఊళ్లోనే జరగాలి. ఒక సభ్యుడు గేదెతో, ఇంకొకరు కుక్కతో, ఒకరు ఒంటరిగా 25, 50, 100 మీటర్ల దగ్గర నిలబడాలి. ఎవరు ఎక్కడున్నారో తెలియని నలుగురు తెర చూసి, తమకు కనిపించింది విడివిడిగా కాగితం మీద రాయాలి. అర్ధరాత్రికి ముందు ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి. ఆ కాగితాలను తీర్మానం పుస్తకంలో అంటించి, మూడు చోట్ల ధరలు తెప్పించి, మీ బైలాల ప్రకారం ఆ ఖర్చు ఏ పద్దు కింద వస్తుందో చూసుకొని తీర్మానం చేయండి. బిల్లు సంఘం పేరు మీదే ఉండాలి, వారంటీ కాగితం కార్యదర్శి వద్ద. స్టాకు రిజిస్టరులో నమోదు చేసి, ఎవరు ఏ రాత్రి తీసుకెళ్లారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు అన్నది రాయడానికి ఒక చిన్న పుస్తకం వేరుగా పెట్టండి. తనిఖీకి వచ్చినప్పుడు పరికరంతో పాటు ఆ పుస్తకమూ అడుగుతాము.